రేగుపండు రంగు పట్టుచీరలో పది నిమిషాలు

ఆ రోజుల్లో నా మనసు ఒక్కచోట నిలవదన్న సంగతి నాందేడ్ బట్టల బజారులో అందరికీ తెలుసు. ఆ రోజులంటే గుర్రబ్బండ్ల కాలమేమీ కాదు, ఆరేళ్ల కిందటి మాట. జేబులో ఫోనుంది, అందులో నిమిషానికోసారి మూలిగే కుటుంబం గ్రూపు కూడా ఉంది. కానీ ఇరవై రెండేళ్లప్పుడు చేసిన ఘనకార్యాన్ని ముప్పైకి చేరువవుతూ తలుచుకుంటే మధ్యలో ఒక యుగం గడిచినట్టే ఉంటుంది. మాది మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దు దగ్గర, కిన్వట్‌ను ఆనుకుని ఉన్న గోకుంద. డిగ్రీ అయ్యాక మా అమ్మ నన్ను నాందేడ్‌లో తన తమ్ముడి చీరల దుకాణానికి పంపింది. (అప్పగించింది అనాలి. పంపడంలో తిరిగి తీసుకునే ఉద్దేశం ఉంటుంది.)

మా మామ దుకాణంలో కులీనుల స్థానం ఒక్కటే: గాదీ. పెండ్లి పట్టుచీరలు చూసేందుకు జనం కూర్చునే తెల్లని పరుపు అది. దాని మీద కూర్చుని చీర విప్పేవాడే అసలు సేల్స్‌మన్. మిగతావాళ్లం బతుకుతున్నాం, అంతే. నా రాజ్యం వెనకమూల ఫాల్స్, లైనింగ్ గుడ్డల కౌంటరు. అక్కడిదాకా నేను స్వయంకృషితోనే చేరాను. మొదటి నెలలో ఒకావిడ అద్దం ముందు నిలబడి "ఈ చీరల నేను లావుగ కనిపిస్తున్ననా?" అని అడిగింది. "అన్నిటికీ చీరనే అంటే ఎట్లమ్మా, దానికి నోరు లేదు" అన్నాను. ఆవిడ వెళ్లిపోయింది. ఆవిడతో వచ్చిన ముగ్గురు ఆడబిడ్డలు కూడా వెళ్లిపోయారు, కాకపోతే నవ్వుకుంటూ వెళ్లారు. మామ మాత్రం నవ్వలేదు. "అల్లుడా, నీ మనసు రెండు నిమిషాలు ఒక్కతాన నిలవది. ప్రతిదాన్నీ కెలుకుతవు. ఆషాఢం దాకా సూస్త. అప్పటికి సుత గిట్లనే ఉంటే గోకుందకు పోయి మీ నాయన ఎరువుల దుకాణంల యూరియా సంచులు మొయ్యి" అన్నాడు. యూరియా వాసనలో పెరిగినవాణ్ని కనుక ఆ మాటలోని లోతు నాకు బాగా తెలుసు.

గాదీ మీద ముప్పై ఏళ్లుగా కూర్చున్నది పల్లు కాకా. (పల్లు అంటే కొంగు. అసలు పేరు మామకైనా గుర్తుందో లేదో.) చీర విప్పి, కొంగు తన భుజం మీద వేసుకున్నాడంటే ఆయనకు ఈ లోకం లేదు. ఒకసారి రోడ్డు మీది ఆవొకటి దుకాణంలోకి వచ్చేసింది. గిరాకీ మొత్తం మెట్ల మీదికి ఎక్కేసింది. కాకా మాత్రం తలెత్తకుండా దాని ముందు కూడా ఒక అంచు పరిచి "సూడమ్మా, జరి సూడు" అన్నాడు. ఆవు నిజంగానే కాసేపు చూసింది. నేను నవ్వాను. కాకా అలా ఎక్కడికి వెళ్తాడో, నేనెందుకు వెళ్లలేనో అప్పుడు ఆలోచించలేదు.

ఆ ఏప్రిల్‌లో మా వ్యాపారుల కుటుంబాల వార్షిక సమ్మేళనం జరిగింది. ఏటా పాటల కచేరీ పెట్టేవాళ్లు, ఆ ఏడు మార్పు కోసం హిప్నటిజం పెట్టారు. నల్లకోటు, తీక్షణమైన చూపులు ఊహించుకుని ముందు వరుసలో కూర్చున్నాం. దెగ్లూర్ నుంచి వచ్చినాయన పొట్టి చేతుల చొక్కాతో, జేబులో రెండు పెన్నులతో ఉన్నాడు. రిటైరైన బడిపంతులట. అందరూ సర్ అన్నారు, నేనూ అన్నాను. ఆయన మైకు ముందు మరాఠీలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పాడు: "మనసు ఒక్కతాన నిలుపగలిగెటోళ్లు ఎవలన్న ఉంటే పైకి రాండ్రి." మామ మెల్లగా నా వైపు తిరిగి చూశాడు. నా గాదీ, నా గోకుంద ఆ చూపులో రెండూ కనిపించాయి. లేచాను. ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. అందరూ నేను ఆయన్ని ఆటపట్టించడానికి వెళ్లాననుకున్నారు. నాకు మాత్రం హిప్నటిజం పట్టాలని ప్రాణం పోయేంత కోరికగా ఉంది. పడితే మామ ముందు సర్టిఫికెట్ దొరికినట్టే కదా.

స్టేజీ మీద ఎనిమిది మందిమి. నాకు ఇటు మా అత్తమ్మ, అటు ఎదురు దుకాణం స్టీలు సామాన్ల సేటు. కండ్లు మూసుకొమ్మన్నారు, మెట్లు దిగుతున్నట్టు అనుకొమ్మన్నారు. సేటు మూడో మెట్టుకే దిగిపోయాడు. "మంచు పడుతున్నది" అనగానే నాందేడ్ ఎండలో, తిరగని ఫ్యాను కింద వణకడం మొదలుపెట్టాడు. నేను మాత్రం మూడో మెట్టు దగ్గరే ఆగిపోయాను. మా దుకాణంలో మూడో మెట్టు విరిగి ఉంటుంది, దాన్ని బాగు చేయించాలని మామకు ఎన్నిసార్లు చెప్పానో లెక్క చూసుకుంటున్నాను. ఈలోగా జనం పదో మెట్టుకు చేరారు. చెయ్యి తేలిక అవుతోంది, దానంతటదే లేస్తోంది అన్నారు. లేస్తావా అని నా చేతిని లోపల్లోపల అడిగాను. అది లేచింది. లేచి ముక్కు గోక్కుంది.

అప్పుడే అత్తమ్మ తల ముందుకు వాలింది. మామ కుర్చీలోంచి ఎగిరి పడ్డాడు. వాళ్ల పెద్దక్కకు పోచమ్మ ముందు పూనకం వస్తుంది, దాని మర్యాదలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. "నిమ్మకాయలు తెండ్రి! పసుపు నీళ్లు తెండ్రి!" అని అరుస్తూ స్టేజీ ఎక్కి భార్య ముందు చేతులు జోడించాడు. "తల్లీ, ఎవరు నువ్వు? నీకేం గావాలె?"

అత్తమ్మ కండ్లు విప్పకుండానే నిదానంగా అన్నది: "నేను మీ పెండ్లాన్ని. నాకిక్కడ సల్లగున్నది. మీరు పోయి కూసోండ్రి."

హాలు దద్దరిల్లింది. సర్ ఒక్కడే నవ్వలేదు. మామ భుజం మీద చెయ్యి వేసి, "సేట్, పూనకం వేరు, ఇది వేరు. అండ్ల డప్పు గావాలె, జనం గావాలె, ఒళ్లు ఊగుతది, తల్లి మాట్లాడుతది. ఇండ్ల ఒళ్లు వదులైతది, మనసు ఒక్క ముచ్చట మీద కూసుంటది. నిద్ర సుత గాదు. నిద్రల ఉన్నామె మీకు జవాబు చెప్తదా?" అన్నాడు. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చాడు. నేను ఇంకా పట్టుదలగా కండ్లు మూసుకునే ఉన్నాను. "బాబూ, నువ్వు కిందికి పో. కొందరికి జల్ది పడుతది, కొందరికి కొంచెం పడుతది, కొందరికి నేనెంత మొత్తుకున్నా పట్టది. దాంట్ల తెలివి ఎక్కువ తక్కువ ఏం లేదు" అన్నాడు. ఆయన చాలా మర్యాదగా చెప్పాడు. మామకు మాత్రం మధ్యలో ఉన్న "పట్టది" ఒక్కటే వినపడింది. ఇంటికి వెళ్తూ దారిలో, "స్టీలు సేటుకు పట్టింది, మీ అత్తకు పట్టింది. నీకు దయ్యం సుత పట్టదురా" అన్నాడు.

జ్యేష్ఠం వచ్చింది. ఆషాఢానికి పది రోజులుందనగా పల్లు కాకాకు కంటి ఆపరేషన్ అయింది. తల వంచొద్దన్నారట డాక్టర్లు. సరిగ్గా ఆ వారమే ఒక మధ్యాహ్నం కుండల్‌వాడి నుంచి జీపు నిండా పెండ్లివాళ్లు దిగారు. పదకొండు మంది. పదిమంది మాటకు విలువ లేదని వాళ్లు గాదీ మీద కూర్చున్న తీరులోనే తెలిసిపోయింది. పదకొండో మనిషి పెండ్లికూతురి నాయనమ్మ. మామే స్వయంగా కూర్చుని చీరలు విప్పాడు. ఆమె ప్రతిదానికీ "ఊఁ... ఇంకోటి" అన్నది. పరుపు కనిపించకుండా చీరలు పేరుకుపోయాయి. మామ గొంతు బొంగురుపోయింది. పెండ్లిపిల్ల కండ్లల్లో నీళ్లు తిరిగాయి. వాళ్ల పెదనాయన చెప్పులు వెతుక్కోసాగాడు. చెప్పులు దొరికితే పక్క దుకాణానికి వెళ్తారని మామకు తెలుసు.

అప్పుడు నాయనమ్మ చూపు ఫాల్స్ కౌంటరు మీద పడింది. "గా పిలగాడు మా మనవరాలంత ఎత్తున్నడు. గాయన మీద కట్టి సూపియ్యిండ్రి" అన్నది. (నా చదువు, నా హాస్యం, నా వంశం ఏవీ పనికి రాలేదు. నాలుగంగుళాలు తక్కువగా పుట్టడం పనికొచ్చింది.) మామ నా చెవి దగ్గరికి వచ్చి, "ఒక్క జోకు ఏసినవనుకో, సాయంత్రం బస్సే నీకు" అన్నాడు.

రేగుపండు రంగు పట్టుచీర. నిజంగా పండిన రేగుపండు, చెట్టు మీద ఒక్కరోజు ఎక్కువ ఉన్నది. ప్యాంటు మీదే చుట్టుకున్నాను. కుచ్చిళ్లు పెట్టడం మొదలుపెట్టాను. ఒకటి. రెండు. బొటనవేలికి, చిటికెనవేలికి మధ్య బట్ట అటూ ఇటూ తిరుగుతోంది. మూడు. మెట్టేదీ విరిగి లేదు. నాలుగు, అయిదు. ఆ తర్వాత నాకు తెలిసింది జరి ఎటు నుంచి వెలుగు పడితే ఎటు మెరుస్తుందన్న ఒక్క సంగతే. కొంగు భుజం మీదికి తెచ్చి తలెత్తేసరికి నాయనమ్మ నన్ను చూడటం లేదు. నాలోంచి వెనక్కి, అరవై ఏళ్ల వెనక ఎక్కడో ఒక పందిట్లోకి చూస్తోంది. లేచి వచ్చి, మూడు రోజులుగా గీయని నా గడ్డం పట్టుకుని "బంగారు తల్లి" అన్నది. రెండు చేతులూ నా చెంపల పక్కన తిప్పి మెటికలు విరిచింది. "గిదే" అన్నది.

ఆ బేరం తెగాక మిగతావి వరదలా తెగాయి. తల్లికి, అత్తలకు, చెల్లెళ్లకు ఏమేం చూపించానో నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. పది నిమిషాలు పట్టిందనుకున్నాను. పెండ్లి బట్టలు కొన్నవాళ్లను జీపుదాకా సాగనంపడం మా బజారు మర్యాద. చెరో చేతిలో రెండేసి సంచులు పట్టుకుని బయలుదేరాను. దారిలో స్టీలు సేటు "వహినీ, జరా సాంభాళూన్!" అని, మరాఠీలో వదినకు చెప్పినట్టు, జాగ్రత్త చెప్పాడు. "హో" అని ఒప్పుకున్నాను. జీపు డ్రైవరు నన్ను ఆడవాళ్ల పక్కన కూర్చొమ్మన్నాడు. ఎంత మర్యాదస్తుడు అనుకున్నాను. సంచులు ఎక్కించి చెయ్యి ఊపాను, జీపు కదిలింది. పక్క చాయ్ బండి దగ్గర్నుంచి ఒక గొంతు వినపడింది. దెగ్లూర్ జీపు కోసం కూర్చున్న సర్.

"ఏం బాబూ, బాగున్నవా? గిప్పుడేం పట్టింది నీకు?"

"నాకేం పడుతది సర్? గిరాకీని సాగనంపిన."

"మరి బుజం మీద ఏంది?"

చూసుకున్నాను. రేగుపండు రంగు. మీసాల కింద, చొక్కా మీద, కుచ్చిళ్లతో సహా. బజారంతా దాటి వచ్చాను. అది ఒక దెబ్బ. రెండో దెబ్బ ఒక క్షణం ఆలస్యంగా తగిలింది: ఇది పెండ్లికూతురి చీర. కొన్న చీర. కదిలిపోయిన జీపులో లేని చీర. కుచ్చిళ్లు రెండు చేతులా ఎత్తిపట్టుకుని పరుగు తీశాను. పెండ్లికి ఆలస్యమైన పెండ్లికూతురు కూడా అలా పరిగెత్తి ఉండదు. దేవుడున్నాడు, మూలమలుపులో బర్రెల మంద ఉంది. జీపు ఆగింది. పెండ్లిపిల్ల సంచిలోంచి పెట్టె తీసి మూత తెరిచింది. లోపల పల్చటి తెల్లకాగితం, దాని మీద మా దుకాణం తరఫున ఒక కుంకుమ పొట్లం. ఇంకేమీ లేదు. పదకొండు మంది నోళ్లూ తెరుచుకున్నాయి. నాయనమ్మే ముందు తేరుకుంది. "గుంజకు బిడ్డా, జరి నలుగుతది. మెల్లగ తిరుగు" అన్నది. బర్రెల మధ్య, నడిరోడ్డు మీద నేను మెల్లగా గుండ్రంగా తిరిగాను. ఆమె మడత పెట్టుకుంది.

తిరిగొచ్చేసరికి సర్ నాకు కూడా చాయ్ చెప్పి ఉంచాడు. ఫోను చూసుకున్నాను. అమ్మవి తొమ్మిది మిస్డ్ కాల్స్. నేను పది నిమిషాలనుకున్నవి మూడు గంటలు. జరిగిందంతా సర్‌కు చెప్పాను. "స్టేజీ మీద నువ్వు నన్ను సూసుకుంట కూసున్నవు, పట్టిందా పట్టలేదా అని నిన్ను నువ్వు సూసుకుంట కూసున్నవు. గట్ల ఎట్ల పడుతది? ఇయాల చీరను సూసినవు. మనిషి మనిషికి దర్వాజ వేరు బాబూ. మీ అత్త నా మాటల దిగింది, నువ్వు కుచ్చిళ్లల దిగినవు. ఎవ్వలు ఎటు దిగినా ఎవ్వలో నూకితే గాదు, తమంత తామే దిగాలె" అన్నాడు సర్. నేను జోకు వేయబోయాను. దొరకలేదు. చాయ్ తాగాను.

దుకాణం మెట్ల మీద మామ నిలబడి ఉన్నాడు. మొహం చూస్తే సాయంత్రం బస్సు టైము చూసుకున్నట్టే ఉంది. వార్త ఆయనకు నాకంటే ముందే చేరింది. "బజారంత తిరిగినవట! ఖాళీ పెట్టె ఇచ్చి పంపినమట! నా ఇజ్జత్..." అని మొదలుపెట్టాడు.

"మామా, గా పెట్టె ఎవరు కట్టిండ్రు?"

మామ తన చేతులు చూసుకున్నాడు. పెట్టెలో కాగితం పరిచి, కుంకుమ పొట్లం పెట్టి, మూత మూసి, ఎర్రదారంతో ముడి వేసి, నాయనమ్మ చేతికి రెండు చేతులా అందించింది ఆయనే. బరువు కూడా చూసుకోలేదు. నా ఎదురుగానే నిలబడి, నా ఒంటి మీది చీర వైపు చూస్తూనే కట్టాడు. ఆ మూడు గంటల్లో దుకాణంలో మెలకువగా ఉన్నది ఫ్యాను ఒక్కటే. వెనక నుంచి అత్తమ్మ తాపీగా అడిగింది: "నిమ్మకాయలు తెప్పియ్యాల్నా?"

మామ విరిగిన మూడో మెట్టు వైపు చూశాడు. "రేపటి సంది గాదీ మీద కూసో" అన్నాడు. "ఆ మెట్టు సుత బాగు చేపియ్యి."

ఇప్పుడు గాదీ నాదే. పల్లు కాకా ఆ కంటితో ఇప్పుడు నా కుచ్చిళ్లకు వంకలు పెడుతుంటాడు. పోయినేడు సర్ మళ్లీ వచ్చాడు. మళ్లీ స్టేజీ ఎక్కాను, మళ్లీ ముక్కు గోక్కున్నాను, ఇద్దరం నవ్వుకున్నాం. చీరల్లోకి మాత్రం వారానికి రెండు మూడుసార్లు దిగుతూనే ఉంటాను. పిలిస్తే రాదది, పనిలో ఉంటే వస్తుంది. అందుకని దుకాణం గడప దాటే ముందు ఒకసారి భుజం తడుముకోవడం అలవాటైంది. ఇంటి దగ్గర పాల ప్యాకెట్టుకు బయలుదేరినా చెయ్యి దానంతటదే భుజం మీదికి పోతుంది, స్టేజీ మీద ముక్కు గోక్కోవడానికి తప్ప లేవని ఆ చెయ్యే. భుజం మీద ఏమీ ఉండదు. బజారంతా ధీమాగా నడిచివెళ్లిన ఆ ఇరవై రెండేళ్ల వదినగారు గుర్తొచ్చి, ఏమీ లేనందుకు కాస్త వెలితిగా, పాలకు వెళ్తాను.