భూతాల లెక్కలో మా మరిది

కుదరబోతున్న పెళ్లి సంబంధాన్ని, కూర్చున్న చోటు నుంచి కదలకుండా, చేతిలో విసనకర్ర ఊపుకుంటూ తగలబెట్టినవాళ్లను మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. అగ్గిపుల్ల కూడా గీయలేదు. నిజం చెప్పాను, అంతే. పైవాడి దయ వల్ల ఇప్పుడు నవ్వుతూ చెప్పుకోగలుగుతున్నాను గానీ, ఆ రోజు మాత్రం భూమి చీలితే బాగుండుననుకున్నాను.

ఎనభైల చివర మా కాపురం నందిగామలో. మా మరిది శేఖరం చదువు ముగించి జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరుగా కుదిరాడు. హాస్టలు నుంచి వస్తూ వస్తూ ఒక వింత ఆట పట్టుకొచ్చాడు. ఒకరు కథ చెబుతుంటే మిగతావాళ్లు ఆ కథలో వీరులై నడవాలి. దారిలో భూతాలు ఎదురైతే పాచిక వేసి తలపడాలి.

"కథ నువ్వే చెప్పాలి వదినా. పురాణాలన్నీ నీ నోట్లోనే ఉన్నాయిగా!" అన్నాడు.

నేను బడి గుమ్మం తొక్కలేదు. చెవిటికల్లులో మా నాన్నగారు ఇంట్లోనే కూర్చోబెట్టి చదివించారు. ఆయన పెట్టిన భిక్ష, ఇంజనీరు చేత కూడా పొగిడించుకుంటున్నాను కదా అని పొంగిపోయి ఒప్పుకున్నాను.

ఆ ఆటలో నన్ను కట్టిపడేసింది భూతాలు కావు, వాటికి పెట్టిన గుణాలు. ప్రతి భూతానికీ రెండు ప్రశ్నలు. నియమం పాటిస్తుందా, ఇష్టారాజ్యమా? మంచిదా, చెడ్డదా? ఎటూ తేలనిది మధ్యస్తం. ఎంత హాయో చూడండి! భూతం గుహలోంచి తల బయటపెట్టగానే దానితో ఎలా మసలుకోవాలో తెలిసిపోతుంది. అత్తారింట్లో అడుగుపెట్టే కొత్త కోడలికి బంధువులందరి గురించీ ఇలా ముందే చెప్పేస్తే దేశంలో సగం కన్నీళ్లు ఆగిపోవూ?

మా అత్తగారు మధ్యాహ్నం కునుకు తీస్తారు. అందుకని పక్కింటి అరుగు మీద, వాళ్ల పిల్లలు పద్మ, బాబీలతో ఆట సాగించేదాన్ని.

"మూడు తలల భూతం అడ్డమొచ్చింది," అన్నాను ఆ రోజు.

"ఎలాంటిది పిన్నిగారూ?" అంది పద్మ.

"ఇష్టారాజ్యం, చెడ్డది."

"అయితే ఏసేస్తా!" అంటూ బాబీ పాచిక అందుకున్నాడు.

"ఆగరా, అన్నం తిన్నదో లేదో అడగవూ?"

"చెడ్డదని మీరే చెప్పారుగా! మళ్లీ అన్నమేంటండీ?"

"చెడ్డదానికి ఆకలెయ్యదా? పైగా మూడు నోళ్లాయె!"

సరిగ్గా అప్పుడే ఒక పెద్దాయన, ఆయన వెనక గొడుగు పట్టుకుని ఒక పెద్దావిడ వచ్చి ఆగారు. వత్సవాయి నుంచట, అన్నాచెల్లెళ్లట.

"అమ్మా, ఆ పక్కింట్లో శేఖరం అని..." ఆయన గొంతు తగ్గించారు. "మా అమ్మాయిని ఇద్దామనుకుంటున్నాం. మనిషి ఎలాంటోడు?"

వాకబు! పిల్లనిచ్చేవాళ్లు ఇరుగుపొరుగును గుట్టుగా అడిగి తెలుసుకోవడం మనకు ఉన్నదే. పక్కింటి అరుగు మీద ఉన్నాను కాబట్టి నన్ను పక్కింటావిడ అనుకున్నారు. నేను వదినగారినని చెప్పాలా వద్దా? వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. అది అబద్ధం కిందికి రాదని నన్ను నేను సమాధానపరచుకున్నాను. ఇక గుణం సంగతి! అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పకపోతే సాయంత్రం దీపం పెట్టేటప్పుడు దేవుడికి మొహం ఎలా చూపించను?

"మంచివాడేనండీ," అన్నాను. ఇద్దరి మొహాలూ విచ్చుకున్నాయి. అక్కడ ఆగొద్దూ? "నియమం మాత్రం లేదు. ఇష్టారాజ్యం."

"అంటే?"

"స్నానం కాకుండానే టిఫిన్ తినేస్తాడండీ. బస్సు ఆగకముందే దూకుతాడు. ఎవరైనా కష్టంలో ఉంటే చొక్కా విప్పి ఇచ్చేస్తాడు. అది వాళ్లన్నయ్య చొక్కా అయినా సరే."

పెద్దావిడ గొడుగు మూసి దగ్గరికొచ్చింది. "మరి మా పిల్లకి కాబోయే అత్తగారో?"

"నియమానికి పెట్టింది పేరండీ. గడియారం కూడా ఆవిడ్ని చూసి నడుస్తుంది."

"అది సరే తల్లీ. మంచిదేనా?"

నేను ఆలోచించాను. ఆలోచించడమే నా కొంప ముంచింది. "మధ్యస్తం," అన్నాను.

పిట్టగోడ అవతల గిన్నె కిందపడిన చప్పుడు. కునుకు తీస్తున్నారనుకున్న మా అత్తగారు మా వైపు వడియాలు తిప్పుతున్నారు.

వాళ్లు వెళ్లిపోయారు. నేను ఇంట్లోకి వెళ్లాను.

"మంచిది అని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయిందే?"

"మీరు మంచివారే అత్తయ్యగారూ..."

"అడిగినప్పుడు చెప్పకుండా ఇప్పుడెందుకు? భయపడి చెప్పే మంచి నాకొద్దు!"

ఆవిడ కళ్లు తడిసి ఉన్నాయి. సంబంధం పోతే పోయింది, ఈవిడ మనసు కష్టపెట్టానే అని నాకు అన్నం సహించలేదు. సాయంత్రం శేఖరం వచ్చి విన్నాడు. వాడికి ఫొటోలో ఆ పిల్ల ఎంత నచ్చిందో ఇంట్లో అందరికీ తెలుసు. "నిజమే చెప్పావుగా వదినా," అని నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. నేను దేవుడి గూటి ముందు కూర్చుని, నా నోరు కాస్త కుట్టెయ్యి స్వామీ అని వేడుకున్నాను.

ఆ వారం తిరక్కుండానే ఆ ఇద్దరూ ఈసారి పళ్లతో, ఎదురుగుండా మా గుమ్మంలోకే వచ్చారు. నేను వంటింటి తలుపు చాటున దాక్కున్నాను.

"వీధంతా అడిగామండీ," అంది పెద్దావిడ. "అందరూ బుద్ధిమంతుడు, బుద్ధిమంతుడు అన్నారు. నాకు భయమేసింది. మా మేనకోడలు కూడా బస్సు ఆగకముందే దూకే రకం. దానికి బుద్ధిమంతుణ్ణి కట్టబెడితే ఇద్దరి గొంతూ కోసినట్టే. ఇంతకీ పక్కింటావిడేరండీ? ఆవిడకి దణ్ణం పెట్టాలి."

మా అత్తగారు నా చెయ్యి పట్టుకుని బయటికి లాగారు.

"పక్కింటావిడ కాదు," అన్నారు. "మా పెద్దకోడలు. అబద్ధం ఆడటం రాదు. అదొక్కటే దీనికున్న రోగం. మిగతాదంతా బంగారం."

బంగారం! నేను ఆవిడకు ఇవ్వలేకపోయినదాన్ని ఆవిడ నాకు నలుగురిలో ఇచ్చేశారు. అక్కడే వంగి ఆవిడ పాదాలు పట్టుకున్నాను.

"లేవ్వే, కాఫీ పెట్టు," అన్నారు. "కాఫీ ఎలా కుదిరిందని వాళ్లడిగితే మాత్రం జవాబు చెప్పకు. నువ్వు ఆలోచిస్తే ఒక బాధ, చెబితే ఇంకో బాధ!"

అందుచేత పెద్దలారా, మా ఇంటి దీపం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నా దగ్గరికి ఎవరు వాకబుకి వచ్చినా ముందు నేనెవరో చెబుతాను, ఆపైన మౌనవ్రతం పడతాను. అత్తగార్ల గురించి అడిగితే మాత్రం ఆలోచించకుండా 'మంచిదే' అని చెబుతాను.