పై గీత దాటిన ఆయిల్

మా ముత్తాత సుల్తానాబాద్ చుట్టుపక్కల పదకొండు ఊళ్లకు దేశ్‌ముఖ్. తాత అరుగు మీద కూర్చుంటే జనం చెప్పులు చేతబట్టుకుని నడిచేవారు. బాపు నాటికి ఊళ్లు పోయి ఒక నల్ల కారు మిగిలింది. నాకు ఆ కారూ, రోజూ పొద్దున దాని కింద కనిపించే ఆయిల్ మరకా మిగిలాయి. మరక తుడిచినప్పుడల్లా కొట్టంలో బాపు చుట్ట వాసన వచ్చేది. ఆయన పోయి తొమ్మిదేళ్లు కనుక ఎవరితోనూ అనలేదు.

నిరుడు మరక పళ్లెమంత అయింది. నస్పూర్ నుంచి ఒక ముసలి మెకానిక్‌ను పిలిపించాను. బొగ్గుబాయి వర్క్‌షాపులో పనిచేసి రిటైరైనవాడు. లీకు ఇంజన్ పై మూత దగ్గరైతే ప్యాకింగు మారిస్తే సరి. వెనక సీలు దగ్గరైతే ఇంజన్ దింపాలి అన్నాడు. అది నా తాహతుకు మించిన పని, కారు వదులుకోవాల్సిందే.

ఆయన ఇంజన్‌ను కడిగి, ఆరనిచ్చి, డబ్బాడు టాల్కం పౌడరు చల్లాడు.

"గిదేందయ్యా, పెండ్లికి తయారు చేస్తున్నవా?" అన్నాను.

"ఆయిల్ పుట్టిన కాడ తెల్లది నల్లగైతది దొరా. కింద కారేది సూస్తే మోసపోతం. అన్నిటికంటె పైన తడి యాడున్నదో గదే అసలు జాగ. జర స్టార్ట్ చేయుండ్రి."

తెల్లటి పౌడరు కింద ఇంజన్ వణుకుతుంటే తల తిప్పుకున్నాను. బాపును చివరిసారి పడుకోబెట్టినప్పుడు ఎవరో ఆయన మొహానికి ఇలాగే పౌడరు రాశారు.

పావుగంట తర్వాత చూస్తే పై మూత పొడిగానే ఉంది. వెనక, గేరుపెట్టె కలిసేచోట, సీలు దగ్గరే నల్లటి చార దిగింది.

ఆయన ఆయిల్ కొలిచే పుల్ల లాగాడు. ఆయిల్ మించకూడని పై గీత మీద రెండు వేళ్ల ఎత్తున తడి.

"గింత ఎవరు పోసిండ్రు?"

"నేనే. దసరా పూజకు కొత్త డబ్బా విప్పితే చివరి చుక్కదాకా పోయాలె. తాత కాడికెల్లి గట్లనే. మరక కనిపిస్తే ఇంకోటి పోసేది."

ఆయన పకపకా నవ్వాడు. "కడుపు నిండినోని గొంతుల ఇంకింత కుక్కిండ్రు! ఎక్కువైంది యాడికి పోవాలె? సీలును తన్నుకొని వచ్చింది. మీ పెద్దలు పెట్టిన రోగాన్ని మీరు మంచిగ సాది పెంచిండ్రు."

చేతులు తుడుచుకుంటూ మళ్లీ అన్నాడు. "మా బాపు గీ కారును బురదల తోసిండు దొరా. లోపలున్నోళ్లు ఒక్కరు దిగలేదట."

లోపలున్నవాళ్లలో ఐదేళ్ల నేనూ ఉన్నాను.

"మరి ఇంజన్ దింపాల్నా?" అని అడిగాడు.

"వద్దు," అన్నాను.

ఆ సాయంత్రం స్టీరింగు ముందు ఒక్కడినే కూర్చున్నాను. కారు వెనక ఎవరో ఊపిరి బిగబట్టి తోస్తున్నట్టు అనిపించింది. చేతిబ్రేకు చూశాను. వేసే ఉంది. అయినా దిగి, బయటికొచ్చి నిలబడ్డాను.

పదిహేను రోజులకు చెన్నూరు నుంచి ఫంక్షన్‌హాలు ఆయన ఒకరు కారు కొనడానికి వచ్చారు. పెళ్లివాళ్లు పక్కన నిలబడి ఫొటోలు దిగడానికి కారు కావాలట, ఇంజన్ అక్కర్లేదట. తన మనుషులతో ఇంజన్ విప్పించి కొట్టంలోనే వదిలేసి, కారును ట్రాలీ మీద తీసుకుపోయారు. ఇంజన్‌ను నేను సుల్తానాబాద్‌లో పాత ఇనుము కింద తూకానికి అమ్మాను.