ఎడమచేతి ఎర్ర గిటారు

నేను జీవితంలో చాలా తప్పులు చేశాను గానీ, ఎనిమిది నెలలు రోజూ సాధన చేసి మరీ చేసిన తప్పు ఇదొక్కటే. చదివి నవ్వుకోండి, నేనేమీ అనుకోను. అనుకున్నా మీకు వినపడదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. శంషాబాద్ విమానాశ్రయంలో సరుకుల గోదాములో ఉద్యోగం. ముందు వైపు జనం ఒకరినొకరు కావలించుకుంటూ ఉంటారు. వెనక వైపు నాకు ఎదురొచ్చేవన్నీ అట్టపెట్టెలే. పనయ్యాక కిరాయి గదికి వస్తే పలకరించే దిక్కు లేదు. కొన్ని ఆదివారాలు సాయంత్రం దాకా నోరు విప్పే అవసరమే వచ్చేది కాదు. గొంతు ఉందో పోయిందో చూసుకోవడానికి ఒకసారి దగ్గేవాణ్ణి.

అలాంటి రోజుల్లో ఫోనులో దొరికాడు మా గురువు. వీడియోల్లో మెడ కింది భాగమే కనిపిస్తుంది. ముఖం చూపించడు, మాట్లాడడు. ఎర్రటి ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుని ఎడమ చేత్తో తీగలు మీటుతుంటే నాకు ఒళ్లు పులకరించేది. వెనక గోడకు మసగ్గా ఒక క్యాలెండరు. దాని మీద ఒక్క అక్షరమూ అర్థం కాలేదు. కుడి నుంచి ఎడమకు పోతున్నట్టున్నాయి కాబట్టి ఉర్దూ అని తేల్చేశాను. ఒక వీడియోలో నెత్తిమీదుగా విమానం పోయిన చప్పుడు కూడా వినిపించింది. ఇంకేం, గురువుగారు మా విమానాశ్రయం పక్కనున్న పహాడీ షరీఫ్ వైపు మనిషే అని నా పరిశోధన ముగించాను.

వెంటనే నాకొచ్చిన నాలుగు ముక్కల ఉర్దూలో వీడియో కింద రాశాను: "భాయ్, మేరా భీ బాయా హాత్!" అంటే నాదీ ఎడమచేతి వాటమేనని. పచ్చి అబద్ధం. ఎడమ చేత్తో నేను తలుపు గొళ్లెం కూడా తీయలేను. ఆయన జవాబుగా రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఆ పూటంతా నేను నేలమీద నిలవలేదు. ఇక ప్రతి వీడియోకూ నేను రాయడం, ఆయన దండం పెట్టడం. దీన్నే స్నేహం అనుకున్నాను.

గిటారు కొనడానికి సిటీకి పోయాను.

"ఎడమ చేతిదా? అది మా దగ్గర ఉండదన్నా, తెప్పియ్యాలె. కుడి చేతిది తీస్కోరాదు?" అన్నాడు కొట్టతను.

"వద్దు. ఎర్రదే కావాలె, ఎడమదే కావాలె."

"నిజంగ మీది ఎడమ చెయ్యేనా?"

"పుట్టినప్పటి నుంచి" అని చెప్పి, ఆర్డరు కాగితం మీద కుడి చేత్తో సంతకం పెట్టాను.

గిటారు వచ్చాక ఇంటి ఓనరు లక్ష్మమ్మక్క గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"ఏంది తమ్మీ, తినే చెయ్యేమో ఊకె పట్టుకొని ఉన్నది, కడుక్కునే చేత్తోని వాయిస్తున్నవ్?"

"మా గురువు గట్లనే వాయిస్తడక్కా."

"గురువు నెత్తికి దెబ్బ తాకితే నువ్వు గూడ కట్టు కట్టుకుంటవా?"

నిజం చెప్పాలంటే నాకు సంగీతం మీద అంత పిచ్చేమీ లేదు. ఆదివారం నాడు "రా" అని పిలిచే మనిషి ఒకరు కావాలి. అదే గిటారు, అదే చేయి అయితే ఆయన పిలుస్తాడని ఆశ. అందుకే మీటమంటే గోకే ఆ ఎడమ చేత్తో ఎనిమిది నెలలు కుస్తీ పట్టి, ఒక పాటలో సగం నేర్చుకున్నాను. అప్పుడు ధైర్యం చేసి "మిల్నా హై భాయ్" అని, అంటే కలవాలని ఉందని రాశాను. "సండే, కొత్తూర్" అని జవాబొచ్చింది. కింద ఫోను నంబరు.

గిటారు భుజాన వేసుకుని వెళ్లాను. కొత్తూరులో ఫ్యాక్టరీల వెనక చిన్న గది. తలుపు తెరిచిన మనిషికి, వారం రోజులు బట్టీ పట్టిన ఉర్దూ అంతా ఒక్క ఊపిరిలో అప్పజెప్పాను. ఆయన బెదిరిపోయాడు.

"అన్నా, నీకు తెలుగు రాదా? నాకు ఉర్దూ జరంతనే వస్తది."

"మీరు... తెలుగా?"

"మాది మహేశ్వరం. పేరు యాదయ్య. ఉర్దూల ఏం రాయాల్నో తెల్వకనే నీకు దండాలు పెట్టిన."

గోడ మీది క్యాలెండరు చూశాను. సోమవారం, మంగళవారం, అచ్చమైన తెలుగు. ఈలోగా యాదయ్య ఎర్ర గిటారు ఒళ్లో పెట్టుకుని తీగలు మీటాడు. కుడి చేత్తో.

"ఇదేంది? మీది ఎడమ చెయ్యి కదా!"

"కాదన్నా, కుడి చెయ్యే. ఫోను ముందు కెమెరాతో తీస్తే అద్దంల లెక్క ఉల్టా వస్తది."

నేను మంచం మీద కూలబడ్డాను. "మరి సరిచేయొచ్చు కదా?"

"చేద్దామనే అనుకున్న. గప్పుడే నువ్వు నీది గూడ ఎడమ చెయ్యని రాసినవ్. నా వీడియోలు చూసేది నువ్వొక్కనివే. పాపం, ఉల్టా ఉంటేనే నీకు నేర్చుకోనీకి అల్కగ ఉంటదని ఇన్ని నెలలు గట్లనే ఉంచిన."

ఫోనుకు ఇవతల నేనొక్కణ్ణే అనుకున్నాను, అవతల ఇతనూ ఒక్కడే. నా కోసం ఒక మనిషి ఏదైనా చేసి ఎంతకాలమైందో లెక్క తెలియలేదు. ఇక దాచలేకపోయాను.

"యాదన్నా, నాది గూడ కుడి చెయ్యే."

యాదయ్య నా గిటారు వంక చూశాడు, నా వంక చూశాడు. తర్వాత ఇద్దరం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం.

ఎవరి అభిమానం కోసమూ నా ఒంట్లో ఏ అవయవం గురించీ ఈ జన్మలో అబద్ధం చెప్పబోనని అక్కడికక్కడే ప్రకటించాను.

"గట్ల కాదు, చేతిల చెయ్యేసి చెప్పు" అని యాదయ్య అరచేయి చాచాడు.

ఏ చేయి వేయాలో ఎంత ఆలోచించినా తేలలేదు. రెండూ వేశాను.