అమావాస్య నాడు తిరిగిన చక్రం

కరెంటన్న పోయినాడని మొన్న శుక్రవారం మా తమ్ముడు ఆదోని నుంచి తొలి బస్సుకు వచ్చి చెప్పాడు. వాకిట్లో తడి నూలు ఆరేస్తున్నదాన్ని అలాగే నిలబడిపోయాను. ఏడవాలో, ఆ మనిషి మీద కోప్పడాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియడం లేదు. మీకైనా అర్థమవుతుందేమోనని రాస్తున్నాను.

ఆయన ఇళ్లకు వైరింగు చేసేవాడు. సొంతూరు ఆదోని, అంగడి ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర. నేను డెబ్బైల మొదట్లో ఎమ్మిగనూరుకు, నేతపని వాళ్లింటికి కోడలిగా వచ్చాను. అత్త లేని ఇల్లు. ఆ ఏడే మా మామ ఇంట్లోకి కరెంటు పెట్టించాడు. నాదీ ఆదోనేనని తెలిసిన గంట నుంచి ఆయన నన్ను "సెల్లెమ్మా" అనే పిలిచాడు. చెవి మీద టెస్టరు, నెత్తిన తెల్ల టోపీ, నోట్లో ఎప్పుడూ ఒక లవంగం. గోడకు మేకు కొట్టే ముందు అరచేత్తో రెండుసార్లు తట్టేవాడు. ఎందుకన్నా అంటే, "నిద్రలో ఉన్నోళ్లను సెప్పకుండా పొడుస్తామా?" అనేవాడు.

ఏ ఇంట్లో పని ముగించినా మొదటి స్విచ్చి ఆ ఇంటి ముసలామె చేతే వేయించాలి. అది ఆయన పట్టు. మా ఇంట్లో అంత పెద్ద ఆడమనిషి లేదని పక్కింటి అత్తను పిలుచుకొచ్చాడు. ఆమెకు మొగుడు లేడు. మగ్గాలవాళ్లకు రాట్నం మీద నూలు కండెలు చుట్టి ఇస్తూ బతికేది. పొద్దు వాలితే తెగిన పోగు కనపడక చుట్టిందే మళ్లీ చుట్టేది. ఆమె భయం భయంగా స్విచ్చి నొక్కింది. మగ్గం మీద బల్బు వెలిగేసరికి "అమ్మా!" అని రెండు చేతులూ జోడించింది.

ఆ వారంలోనే ఆయన పక్కింటికీ వైరు లాగాడు. ఆమె మీటరుకు అర్జీ పెట్టుకుంది. కొన్నాళ్లకు ఆ ఇంట్లోనూ బల్బు వెలిగింది. మంచిదే అనుకున్నాం గానీ మీటరు వచ్చిందా అని ఎవరం చూడలేదు.

రెండో నెల బిల్లు చూసి మా మామ నెత్తి పట్టుకున్నాడు. ఒక్క నలభై క్యాండిల్ బల్బుకు ఇంత బిల్లా? వేలాడుతున్నంతసేపూ బల్బు కరెంటు తాగుతూనే ఉంటుందని ఆయన అనుమానం. ఆ రోజు నుంచి మగ్గం దిగగానే పంచె చెంగుతో పట్టి బల్బు ఊడదీసి గూట్లో పెట్టేవాడు. కరెంటన్న నవ్వి, "నిద్రపోయే బల్బు అన్నం తినదన్నా" అన్నాడు. మామ నమ్మితే కదా!

తర్వాత అమావాస్య వచ్చింది. ఆ రోజు మేం మగ్గం ముట్టం. సాయంత్రం దీపం పెట్టబోతూ ఊరికే మీటరు వైపు చూశాను. బల్బు గూట్లో ఉంది. చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది, ఎర్ర చుక్క వస్తోంది, పోతోంది. గోడ అవతల పక్కింటి అత్త గదిలో రాట్నం చప్పుడు. కండెలు చుట్టడానికి అమావాస్య అడ్డు కాదు. నా నోరు ఊరుకుందా? "మామా, ఇట్ల రా" అని పిలిచి చూపించాను. ఆ ఒక్క మాట మింగి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో! కానీ ఎందుకు మింగాలి, బిల్లు కట్టేది మేమే కదా అనీ అనుకున్నాను.

మా మామ నేరుగా బస్టాండుకు పోయి, అంగడి ముందర పదిమందిలో అరిచాడట. "నమ్మి ఇంట్లోకి రానిస్తే దొంగ వైరు ఏస్తావా? నువ్వు దొంగవి!"

కరెంటన్న చేతిలో పని కింద పెట్టాడు. సంచి భుజాన వేసుకుని మామ వెనకే వచ్చాడు. "తప్పు నాదేనన్నా. రెండిండ్ల వైర్లు కలిసిపోయినాయి" అన్నాడు. ఊరంతా వైరింగు చేసినవాడు, ఒక్క వైరు అటుదిటు చేయనివాడు! గోడ తవ్వి ఆ వైరు తెంచేశాడు. ఇటుకంత కన్నం పడింది. సరిగ్గా మా బల్బు ఎత్తున. "రేపు సున్నం తెచ్చి పూడుస్తా" అని పోయాడు. నా వైపు చూడలేదు.

తెల్లారి ఆయన రాలేదు. పక్కింటి అత్త వచ్చింది, గిన్నెలో వేడి బొరుగుల ఉగ్గాని పట్టుకుని. "నీ పుణ్యమన్నా. నా మీటరు వచ్చేదాంక వెలుతురు పడేట్ల గోడకు కన్నం పెట్టమన్నావంట గదా. కరెంటాయన సెప్పినాడు" అంది మామతో.

మా మామ నోరు తెరిచి నన్ను చూశాడు, కన్నాన్ని చూశాడు.  ఉగ్గాని తిన్నాడు. ఆ పొద్దు మగ్గంలో కూర్చునే ముందు, "ఆ బల్బు రవ్వంత అటు జరుపమ్మా" అన్నాడు. ఆ కన్నం ఇప్పటికీ పూడ్చలేదు.

కానీ బస్టాండులో అన్న మాటను ఎవరు పూడుస్తారు? మా వీధిలో మళ్లీ ఎవరూ ఆయనను పనికి పిలవలేదు. ఏడాది తిరక్కుండానే అంగడి మూసి, ఆదోనిలో ఒక పత్తి మిల్లులో పనికి కుదిరాడు. పుట్టింటికి పోయినప్పుడు ఒకసారి కనపడితే ఉండబట్టలేక అడిగేశాను. "అన్నా, ఆ వైరు పొరపాటున పడిందా, కావాలనే ఏసినావా?"

లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకున్నాడు. "అల్లా తోడు, నాకే తెలీదు సెల్లెమ్మా. ఏసేటప్పుడు ఆయమ్మ కండెల కాడ తడుముకుంటాండె. చెయ్యి యాడికి పోయిందో ఏమో" అన్నాడు. తర్వాత నా పిల్లల పేర్లు అడిగాడు. మా మామ మీద ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

శుక్రవారం నా తమ్ముడి మాట విని తొంభై ఏళ్ల మా మామ చొక్కా తొడుక్కుని, కర్ర పట్టుకుని బయటికి నడిచాడు. ఎక్కడికంటే చెప్పడు. భయపడి వెనకే పోయాను. బస్టాండులో, ఒకప్పుడు ఆ అంగడి ఉన్నచోట, ఇప్పుడు పండ్ల బండి ఉన్నచోట నిలబడి గొంతెత్తాడు.

"ఆయప్ప దొంగ కాదు! నేను తప్పు మాట అంటిని!"

పండ్లతను బిత్తరపోయాడు. "ఎవురు పెద్దాయనా?" అని అడిగాడు. బస్సు కోసం నిలబడినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందులో ఎవరికీ కరెంటన్న తెలియదు. మామ మళ్లీ అదే మాట అరిచాడు. నేను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను.

వచ్చాక, ఇప్పటికీ ఊడదీసి దాచే ఆ బల్బును గూట్లో నుంచి తీసి తగిలించాడు. పట్టపగలు, మగ్గంలో ఎవరూ లేరు. స్విచ్చి వేసి మంచం మీద కూర్చున్నాడు. చక్రం తిరగసాగింది. ఆ ఎండ వెలుతురులో కన్నం అవతలికి మా బల్బు వెలుగు పోతోందో లేదో నాకు తెలియలేదు. ఆర్పమని ఆయన అనలేదు, నేనూ ఆర్పలేదు.