ఎడ్లను కడిగి తెచ్చేదాకా

బండి మా గుమ్మం ముందు ఆగితే పెళ్ళివారి బండి అనుకున్నాను. ఎడ్ల కొమ్ములకు రంగులు, మెడల్లో మువ్వలు, నుదుట బొట్లు, వీపుల మీద కుచ్చుల గుడ్డలు. మధ్యాహ్నం మూడు దాటింది. రోహిణి కార్తె ఎండ. భవానీపురం వీధిలో కుక్క కూడా తిరగడం లేదు. దారి తప్పినవాళ్ళేమో, దాహానికి అడుగుతారేమోనని కుండలో చెంబు ముంచుకుని నవ్వుతూ బయటికి వచ్చాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం నాది కాదనిపిస్తుంది.

బండి తోలుకొచ్చిన పెద్దాయన కిందికి దిగలేదు. పగ్గాలు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"ఫోటోలు తీసే అబ్బాయి ఇల్లు ఇదేనా చెల్లెమ్మా?"

ఇదేనన్నాను. ఇంట్లో లేడు, పొద్దున్నే ఊళ్ళ మీదికి వెళ్ళాడు, సాయంత్రానికి వస్తాడు అని కూడా చెప్పాను. ఆయన తల తిప్పి బండిలోకి చూశాడు. నేనూ చూశాను. గడ్డి మీద నా కొడుకు పడుకుని ఉన్నాడు. ఒంటి మీద తడిపిన పంచె. కాళ్ళ దగ్గర కెమెరా పెట్టె.

"వడదెబ్బ తగిలింది. పెద్దాసుపత్రికే తోలుకెళ్ళాను చెల్లెమ్మా. దారిలోనే పోయాడన్నారు."

నేను చెంబు పట్టుకుని బండి ఎక్కాను. వాడి నోట్లో నీళ్ళు పోస్తే పక్కనించి కారిపోయాయి. "పొద్దున చద్దన్నం తిని వెళ్ళాడండీ," అన్నాను ఆయనతో. ఆయనేదో పొరపాటు పడ్డాడని, ఆ మాట చెబితే సర్దుకుంటాడని నా ఆశ. మళ్ళీ అన్నాను. "మామిడికాయ పచ్చడి వేసుకుని తిన్నాడండీ." ఎడ్లు తల ఊపినప్పుడల్లా మువ్వలు మోగుతున్నాయి.

పెద్దకర్మ నాడు, వాడు పనిచేసే ఫోటో స్టూడియో ఆయన వాడి మొహాన్ని పెద్ద ఫోటో చేయించి, అద్దం బిగించి పట్టుకొచ్చాడు. "వెతగ్గా వెతగ్గా ఇదొక్కటే దొరికిందమ్మా. అందర్నీ తీశాడు గానీ తను ఒకచోట నిలబడితేనా?" అని కళ్ళు తుడుచుకున్నాడు. గోడకు కొట్టారు. దండ వేశారు. నేను తలెత్తలేదు. అందరూ వెళ్ళిపోయాక మా ఆయన్ని అడిగి పటాన్ని గోడవైపుకు తిప్పించాను. వచ్చినవాళ్ళు మొదట అటే చూసి ముక్కున వేలేసుకున్నారు. మా తోటికోడలైతే మొహం మీదే అడిగింది, "కన్నకొడుకు పటాన్ని గోడకేసి తిప్పుకుంటారటే ఎక్కడైనా?" అని. ఏం చెప్పను? దండ వేసిన పటంలో ఉన్నవాడు ఇంటికి రాడు. నా కొడుకు ఊళ్ళ మీదికి వెళ్ళాడు. ఈ రెండు మాటలూ నా బుర్రలో ఒకచోట కూర్చోవు. పొద్దు వాలితే కాళ్ళు వాటంతట అవే గుమ్మంలోకి పోతున్నాయి.

నేను రెండో తరగతితో బడి మానేసినదాన్ని. రాసిందాంట్లో తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. వాడేం పని చేసేవాడో వాణ్ణి ఎరగనివాళ్ళకు చెప్పాలనిపించి కూర్చున్నాను.

మాది మగ్గాల ఇల్లు. వాడికి మాత్రం మగ్గం గుంటలో కాళ్ళు నిలిచేవి కావు. బెజవాడలో ఒక ఫోటో స్టూడియోలో పనికి కుదిరాడు. మేడ మీద గది. నేల మీద తివాచీ, ఒక కుర్చీ, వెనకాల తోటా మేడా రాసిన తెర. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని భయపడుతూనే జనం ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని వచ్చేవాళ్ళు, ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళు. ఒకరోజు జట్కా తోలే సాయిబు వచ్చాడట. ఆ కథ వాడు అన్నం తింటూ ఎన్నిసార్లు చెప్పాడో.

"రా సాయిబూ, కుర్చీలో కూర్చో," అన్నాడట స్టూడియో ఆయన.

"నేనొక్కణ్ణీ ఎందుకండీ? కింద నా గుర్రం ఉంది."

"బావుందయ్యా! గుర్రం మేడ మెట్లెక్కుతుందా?"

"తవరు దిగొచ్చు గదండీ."

అక్కడున్నవాళ్ళంతా నవ్వారట. మావాడు నవ్వలేదు. మూడు కాళ్ళ చట్రం భుజాన వేసుకుని, కెమెరా మోసుకుంటూ వీధిలోకి దిగాడు. స్టూడియో ఆయన కూడా వెనకే దిగక తప్పింది కాదు. ఆ ఫోటో నేను చూశాను. సాయిబు కెమెరా వంక చూడనే లేదు. గుర్రం చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెబుతున్నాడు. గుర్రం వింటోంది. నిజంగా వింటోందండీ, రెండో చెవి కూడా అతని వైపు తిప్పుకుని.

ఆ తరవాత ఆ నోటా ఈ నోటా పాకింది. పాలగేదెను తోలుకుని ఒకరు, పొట్టేలును నడిపించుకుని ఒకరు, చిలక పంజరంతో ఒకరు స్టూడియో కిందికి వచ్చేవాళ్ళు. రాలేనివాళ్ళ కోసం వాడే సెలవు పెట్టుకుని ఊళ్ళ మీదికి వెళ్ళేవాడు.

మా ఆయనకు ఒళ్ళు మండేది. "ఊళ్ళో మనుషులు అయిపోయారటే? గొడ్లకు ఫోటోలు తీస్తున్నాడు నీ కొడుకు," అనేవాడు నాతో, వాడికి వినపడేలా.

"నువ్వు నేసిన చీర ఎవరు కట్టుకుంటారో నీకు తెలుసా నాన్నా? నా పని ఎవరింట్లో ఉంటుందో నాకు తెలుసు," అన్నాడు వాడు ఒకసారి.

మా ఆయన మగ్గం మీద ఆడే నాడె ఆపాడు. "చేతులకు నేత రాకపోయినా నోటికి బాగా పట్టుబడిందే వీడికి!" అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం. మగ్గం మీద పని ఆ పూట కాస్త ఆలస్యమైంది.

వాడి చొక్కాలు ఉతకడం నాకు పెద్ద తద్దినం. ఎప్పుడూ పేడ వాసన, గుర్రపు చెమట వాసన. జేబులో బెల్లం ముక్క, దాని చుట్టూ చీమలు. ఎక్కడికి వెళ్ళినా ముందు ఆ జంతువు పేరు అడుగుతాడట, మనిషి పేరు తరవాత. కింద కూలబడి, బెల్లం పెట్టి, అది తన చెయ్యి నాకేదాకా కెమెరా పెట్టె మూత తీయడు. "ఇంతసేపు ఎందుకురా?" అని అడిగితే ఒక మాట అనేవాడు. "మనుషులు కెమెరా ముందు నిలబడగానే ఎవరిదో మొహం తెచ్చి తగిలించుకుంటారమ్మా. గొడ్డు మీద చెయ్యి పడిందా, వాళ్ళ మొహం వాళ్ళకొచ్చేస్తుంది. అప్పుడు తీయాలి."

యుద్ధం రోజుల్లో కెమెరాలో పెట్టే గాజు ప్లేట్లు దొరికేవి కావు. మనిషికి ఒక్క ప్లేటే. అది పాడైతే మళ్ళీ లేదు. అందుకని కెమెరా వెనక నల్లగుడ్డ కప్పుకుని, ఆ మొహం వచ్చేదాకా కాచుకుని ఉండటం వాడికి అలవాటైంది. యుద్ధం అయిపోయినా అలవాటు పోలేదు.

చర్చి పక్కన ఉండే పంతులమ్మగారికి ఒక ముసలి కుక్క ఉంది. దానికి ఒక కన్ను పోయింది. "ఆ గుడ్డికన్ను పడకుండా తియ్యి బాబూ," అని బతిమాలిందట ఆవిడ. కానీ కుక్కను ఎటు తిప్పినా ఆ కన్నే కెమెరా వైపు తిరిగేది. మావాడు అడిగాడట, "మీరు బడి నించి వచ్చేటప్పుడు అది మిమ్మల్ని ఎలా చూస్తుందండీ?" అని. పంతులమ్మగారు వీధి చివరికి వెళ్ళి, పుస్తకాలు చంకలో పెట్టుకుని నడిచి వచ్చింది. కుక్క ఒళ్ళంతా తిప్పుకుని మంచి కన్ను ఆవిడ మీదే పెట్టింది. ఆ ఫోటో చూసి పంతులమ్మగారు, "నన్ను చూడటానికి ఇది ఇంత కష్టపడుతోందని నాకు తెలీదయ్యా," అందట.

ఇలాంటివి చెబుతూ పోతే చాలా ఉన్నాయి. ఆ ఒక్కరోజు సంగతి చెప్పాలి.

బండి తోలుకొచ్చిన పెద్దాయన బందరు కాలువ పక్క ఊళ్ళో రైతు. వయసు మీద పడి దున్నలేక ఎడ్లను అమ్మేశాడు. మర్నాడు కొన్నవాళ్ళు వచ్చి తోలుకుపోవాలి. ఈలోగా వాటితో ఒక ఫోటో కావాలని కబురు పెట్టాడు. మొన్న మళ్ళీ మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని ఆ పొద్దున జరిగింది చెప్పాడు. నేను గుమ్మం లోపల కూర్చుని విన్నాను.

"అబ్బాయి ఎండెక్కకముందే వచ్చేశాడు చెల్లెమ్మా. ఎడ్లకు ఫోటో తీయడానికి బెజవాడ నుంచి ఎవరొస్తార్లే అని నేను నమ్మలేదు. వాటిని కడిగి ఉంచలేదు. పేడ మరకలతో ఉన్నాయి. ఇలాగే బావున్నాయి మావయ్యా, తీసేస్తానన్నాడు. నేనే ఒప్పుకోలేదు. మట్టి కొట్టుకున్న ఎడ్లతో ఫోటోలో పడితే నేనేం రైతునయ్యా అన్నాను."

"ఎండాకాలం నీళ్ళు వదలకుండా కాలువ కట్టేసి ఉంటుంది గదా అన్నయ్యా?" అన్నాను.

"కట్టేసే ఉంది. పక్కూరి చెరువులో అడుగున కాసిని నీళ్ళున్నాయి. అక్కడికి తోలుకెళ్ళాను. కడిగి, కొమ్ములకు రంగు పూసి, మువ్వలు కట్టి తెచ్చేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. అబ్బాయి ఎక్కడికీ పోలేదు. కళ్ళంలో కెమెరా నిలబెట్టుకుని ఉన్నాడు. చెట్టు కిందికి రావయ్యా అంటే, ఆకుల నీడ ఎడ్ల మీద మచ్చలుగా పడుతుందన్నాడు. నా ఖర్మ, ఈగలు ముసిరి అవి తలలు ఆడిస్తానే ఉన్నాయి. అబ్బాయి ఆ నల్లగుడ్డ కిందే ఉండిపోయాడు. నేను కర్రలా నిలబడ్డాను. మెడ కింద గంగడోలు మీద చెయ్యి వెయ్యి మావయ్యా అన్నాడు. వేశాను. రెండోది కూడా నా మీదికి తల వాల్చింది. అప్పుడు తీశాడు."

ఆయన అరుగు అంచును అరచేత్తో నిమిరాడు.

"గుడ్డ తీసి నవ్వాడమ్మా. నీ మొహం నీకొచ్చేసింది మావయ్యా అన్నాడు. మంచినీళ్ళు తెమ్మంటావా అంటే తెమ్మన్నాడు. తెచ్చేలోపల కూలబడిపోయాడు. బండికి పూన్చడానికి కడిగిన ఎడ్లే ఉన్నాయి. మువ్వలు తీసే వ్యవధి ఎక్కడిది? వాటితోటే పరిగెత్తించాను. నేను కడగకుండా ఉంటే..."

ఆయన ఏడుస్తుంటే నాకు కోపం రావాలి. రాలేదు. ఎడ్లను కడగకుండా ఫోటోకు నిలబెట్టే రైతు ఈ కాలువల కింద ఎవడున్నాడు? నా కొడుకు ఆయన్ని వదిలేసి వచ్చే రకమూ కాదు. ఎవరి పని వాళ్ళు సరిగ్గా చేశారు. వాడు చచ్చిపోయాడు. ఎక్కడ వేలు పెట్టి చూపించను?

పైగుడ్డలో చుట్టుకొచ్చిన ఫోటోను ఆయన తీసి చూపించాడు. స్టూడియో ఆయన తయారుచేసి ఇచ్చాడట. ఎడ్లు తెల్లగా మెరుస్తున్నాయి. మధ్యలో ఆయన, ఏడవబోయే పసివాడిలా.

"ఎడ్లను తోలుకుపోయారు. కొట్టం ఖాళీ. పొద్దున లేవగానే గడ్డి వేద్దామని పోతాను, అక్కడ ఏమీ ఉండవు. వచ్చి దీన్ని చూసుకుంటాను. నువ్వు చూసుకుంటున్నావా చెల్లెమ్మా అబ్బాయిని?"

అని గుమ్మంలోంచి గోడవైపు చూశాడు. పటం వెనక అట్ట కనిపించింది. కండువా దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక నాకు మా వీధి చివర పాలమ్మే ఆవిడ గుర్తుకొచ్చింది. ఆవిడ ఆవుకు దూడ చచ్చిపోయింది. దూడ పోతే ఆవు పాలు చేపదు. అందుకని చచ్చిన దూడ తోలు ఒలిపించి, లోపల గడ్డి కూరి కుట్టి, పితికే వేళకు ఆవు ముందు పెడతారు. ఆవు దాన్ని నాకుతుంది, పాలు దిగుతాయి. ఆవుతో ఫోటో కావాలని ఆవిడ మావాణ్ణి పిలిచింది. నేను పాలకని చెంబు పట్టుకెళ్ళి అక్కడే ఉన్నాను. వాడు ఆ గడ్డి దూడను కూడా కలిపి తీయబోతుంటే నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"అది అవతల పారెయ్యరా. పాపం, నోరులేనిదాన్ని మోసం చేస్తున్నారు, దానికో ఫోటో కూడానా?" అన్నాను.

"మోసమేంటమ్మా? రోజూ గడ్డి తినేదానికి గడ్డి వాసన తెలీదా? కన్నది అదే గదా. దానికి అంతా తెలుసు. తెలిసే నాకుతోంది."

ఆ రోజు నేను, "చాల్లే, నీకు ఆవు చెవిలో చెప్పినట్టుంది," అని వేళాకోళం చేసి పాలు పట్టుకుని వచ్చేశాను.

మొన్న ఆ సాయంత్రం పీట వేసుకుని ఎక్కి పటాన్ని ఇటు తిప్పాను. దండ ఎండిపోయి ఉంది, తీసేశాను.

వాడు నావైపు చూడటం లేదు. కిందికి చూస్తున్నాడు, నోరు సగం తెరిచి, ఎవరితోనో ఏదో అంటున్నట్టు. స్టూడియో ఆయన మొహం మట్టుకే పెద్దది చేయించాడు గానీ, కింద అంచున, గడ్డానికి ఆనుకుని ఒక మేకపిల్ల చెవి మిగిలిపోయింది. ఒక్క చెవే. దాని మీద నూగు కూడా కనిపిస్తోంది.

మా ఆయన మగ్గం మీంచి లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"ఎవరిదే ఆ మేకపిల్ల?" అన్నాడు.

"నాకేం తెలుసు?" అన్నాను. "పేరు వాడికి తెలిసుంటుంది."

అద్దం మీద దుమ్ము ఉంటే చెంగుతో తుడిచాను. మొహం దగ్గరగా పెట్టానేమో, నా ఊపిరికి మళ్ళీ మసక పట్టింది. మళ్ళీ తుడిచాను. మళ్ళీ పట్టింది.