మందుల పేర్లున్న ఉత్తరం

మొన్న మా చెల్లెలి కూతురు, తనకు రావలసిన ఇంటర్వ్యూ పిలుపు వారం రోజులుగా స్పామ్ పెట్టెలో పడి ఉందని గడువు దాటాక తెలుసుకొని కళ్లనీళ్లు పెట్టుకుంటే, ఓదారుస్తున్న నాకు నా పాత తప్పొకటి గుర్తొచ్చింది. ఒకప్పుడు అలాంటి పెట్టె ఒకటి నేనూ తయారుచేసినదాన్నే.

ఇరవయ్యేళ్ల కిందటి మాట. తిరుపతి బాలాజీ కాలనీలో ఒక మేడ మీద రెండు గదుల ఆఫీసు మాది. చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకూ, లాడ్జీలకూ, ఆసుపత్రులకూ వెబ్‌సైట్లు పెట్టి, వాళ్ల ఈమెయిళ్లు కూడా మా సర్వరు మీదే నడిపేవాళ్లం. మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, టెలిఫోను తీగ మీద కీచుమంటూ కలిసే ఆ ఇంటర్నెట్టులో ఒక మంచి ఉత్తరం దిగేలోగా బరువు తగ్గే మాత్రలనీ, మగతనానికి మందులనీ నలభై పనికిమాలినవి దిగేవి. పిల్లల ముందు కంప్యూటరు తెరవాలంటే సిగ్గుగా ఉందని ఖాతాదారులు వాపోతుంటే, ఆ చెత్తను సర్వరులోనే ఆపే ఏర్పాటు నేను చేశాను. ఏవైనా రెండు మూడు మందుల పేర్లు కనబడితే చాలు, ఆ ఉత్తరం వేరే పెట్టెలోకి పోయేది, ఆదివారం నాటికి ఆ పెట్టె దానంతటదే ఖాళీ అయ్యేది. అందరూ మెచ్చుకున్నారు, నాకూ కాస్త గర్వం వచ్చిన మాట నిజం.

ఒక శనివారం చిత్తూరులో నర్సింగ్‌హోము నడిపే డాక్టరమ్మ ఫోన్ చేసింది. మెడ మీద గడ్డతో వచ్చిన ఒక బాలింత గురించి. గడ్డలోంచి తీసిన ముక్కను మద్రాసు ల్యాబుకు పంపారట, అది క్యాన్సరేనని ఇంట్లో అందరూ ఏడుస్తున్నారట, ఫలితం ఫోనులో చెప్పమంటే ల్యాబువాళ్లు చెప్పరట.

"సోమవారమే మెయిలు పంపినామంటా ఉండారు. యాడ నిలిచిపోయిందో కొంచెం సూడమ్మా, ఆ తల్లి అన్నం నీళ్లు మానేసి కూర్చోనుండాది."

వెంటనే ఆ పెట్టె తెరిచి వెతికాను. వందల చెత్త ఉత్తరాల మధ్య అదీ ఉంది, చివర ల్యాబు డాక్టరు సూచించిన నాలుగు మాత్రల పేర్ల వల్ల చిక్కుకొని. ఒక్కరోజు గడిస్తే చెరిగిపోయేది. నాది కాని ఉత్తరం చదవకూడదని తెలిసీ చదివాను. క్యాన్సరు కాదు, గడ్డకు పట్టిన టీబీ, కొన్ని నెలలు మాత్రలు వాడితే నయమవుతుంది. వెంటనే డాక్టరమ్మకు పంపి, తప్పు నాదేనని ఫోనులో ఒప్పుకున్నాను.

"చెత్త ఆపమని అడిగినోళ్లలో నేనూ ఉండాను గదమ్మా. ఇంకమీద ఊడ్చేముందు ఒగసారి సూడు," అందామె.

మనసు ఊరుకోక, తరువాతి వారం బస్సెక్కి చిత్తూరులో ఆ నర్సింగ్‌హోముకు వెళ్లాను. ఆ అమ్మాయి మందుల కోసం వచ్చి బెంచీ మీద కూర్చుని ఉంది, ఒడిలో బిడ్డ. నీ ఉత్తరం అయిదు రోజులు ఆగింది నా వల్లేనని నాకు చేతనైనట్టు చెప్పాను. ఆమె తిడుతుందనుకున్నాను.

"ఆ అయిదు దినాలు వీడికి పాలియ్యలేదక్కా, నా జబ్బు అంటుకుంటాదేమోనని," అని మాత్రం అని, పైట సర్దుకుని బిడ్డకు పాలివ్వసాగింది. ఆ మాటలో కోపం లేదు. ఉండుంటే నాకు తేలికగా ఉండేది.

ఆ ఉద్యోగం మానేదాకా, రోజూ పొద్దున మొదటి గంట, ఆపిన ఉత్తరాలన్నీ నా కళ్లతో చూశాకే చెరిపాను. మా యజమాని అదంతా దండగ పనని విసుక్కున్నా మానలేదు. ఇప్పటి ఏర్పాట్లు నాకంటే ఎంతో తెలివైనవి, తప్పులూ తక్కువే చేస్తాయి, కాదనను. కానీ ఒక ఉత్తరాన్ని ఆపినందుకు ఎవరి ఇంట్లో పొయ్యి వెలగలేదో, ఏ పసివాడు ఆకలితో ఏడ్చాడో వాటికి చెప్పేవాళ్లెవరు, చెప్పినా వినేదెవరు?