సందు లేకుండా మూసిన బండి

నేను పుట్టు పిరికిదాన్ని. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు, మా ఇంట్లో అందరికీ తెలిసిందే. ఉరుమంటే భయం, జెర్రి అంటే భయం, పామాయిలు లారీ వెనక కారు నడపడమంటే భయం. రెండేళ్ళ కిందట మా ఆయనకు గుండెపోటు వచ్చి, స్టెంట్ వేసి ఇంటికి పంపినప్పటి నుంచి ఈ భయాలన్నీ ఒక్కచోటికి చేరాయి. ఆయన దగ్గితే భయం, దగ్గకపోతే ఇంకా భయం. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగితే వెళ్ళి తలుపు కొట్టేదాన్ని. "బతికే ఉన్నాను లా" అని లోపలి నుంచి విసుక్కునేవారు. మాట చివర ఆ ‘లా’ తగిలించడం మలేసియాలో పుట్టిన మా అందరికీ ఉన్న జబ్బే. అది లేకపోతే మాకు మాట పూర్తయినట్టుండదు.

అలాంటి మనిషి ఒకరోజు ఫోనులో బొమ్మ చూపించి, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లులాంటి బండి కొంటానన్నారు. పదమూడడుగుల పొడుగు, ఒళ్ళంతా ఫైబర్‌గ్లాస్. ఎవరో విదేశీయుడు కొన్నాళ్ళు వాడుకుని, దేశం వదిలిపోతూ సముద్రం పక్కన ఒక షెడ్డులో పడేసి పోయాడట. దాన్ని బాగుచేసుకుని తీరం వెంట ఊరూరా తిరగాలని ఆయన కోరిక. గుండెలో స్టెంట్ పెట్టుకున్న మనిషి ఆసుపత్రి లేని ఊళ్ళలో పడుకుంటాడట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగోరోజు బండి రానే వచ్చింది.

మా ఇల్లు ఇపోలో. అక్కడ బండి పెట్టుకునే చోటు లేదు. అందుకని హుటాన్ మెలింటాంగ్‌లో, చేపల పడవలకు ఫైబర్‌గ్లాస్ అతికే ఒక చీనా పెద్దాయన షెడ్డులో పెట్టాం. డెబ్బై దాటిన మనిషి, మాతో మలాయిలో మాట్లాడేవారు. శని ఆదివారాలు మేము కారులో వెళ్ళి పని చేసుకోవాలి, మాకు చేతకానిది ఆయన చేసి చూపిస్తారు. అదీ ఏర్పాటు.

తలుపు తీసిన మొదటిరోజే నేను బయటికి పరుగెత్తుకొచ్చాను. లోపలి ప్లైవుడ్ అంతా నానిపోయి, వేలితో పొడిస్తే తడి అటుకుల్లా రాలుతోంది. పరుపులో ఎలకలు పిల్లల్ని పెట్టాయి. నేల చెక్క ఎత్తగానే జానెడు జెర్రి ఒకటి సర్రున పాకి గోడలోకి పోయింది. మా ఆయన ముఖం మాత్రం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోతోంది. అంతా పీకేసి పెంకు ఒక్కటే మిగిల్చి, నేల, మంచం, మడత బల్ల, గోడ అరలు అన్నీ మళ్ళీ కొత్తగా కడదామన్నారు. కడదామంటే సరిపోతుందా? ఎవరి గుండె మీద కడతారు?

ఆయన సుత్తి పడుతుంటే నేను గుమ్మంలో స్టూలు వేసుకుని, నాలుక కింద పెట్టుకునే మాత్రను గుప్పిట్లో పట్టుకుని కూర్చునేదాన్ని. చప్పుడు ఆగితే చాలు, "ఏటయినాది?" అని కేక పెట్టేదాన్ని. పాపం, మేకు కిందపడి వెతుక్కుంటూ ఉండేవారు. చెమట పడితే ఎందుకు పట్టిందని అడిగేదాన్ని. ఆ రేకుల షెడ్డు కింద, మధ్యాహ్నం పూట, చెమట పట్టక ఏం పడుతుంది? అది తెలిసీ అడిగేదాన్ని. చేయి గుండె మీదికి పోయిందంటే నా పై ప్రాణాలు పైనే పోయేవి. తీరా చూస్తే చొక్కా జేబులో పెన్సిలు కోసం తడుముకుంటూ ఉండేవారు.

పాత ఫైబర్‌గ్లాస్ గరుకును అరగదీస్తే కంటికి కనపడని పొడి లేస్తుంది. అది ఒంటి మీద పడితే రెండు రోజులు ఒకటే దురద. ఊపిరితిత్తుల్లోకి పోతే ఏం చేస్తుందోనని నాకు దడ పుట్టింది. ఆ పని ఆయన చేత మానిపించి నేనే ముక్కుకు మూతికి గుడ్డ బిగించుకుని దిగాను. తరవాత రెజిన్ అనే జిగురు పని వచ్చింది. కొత్త ప్లైవుడ్ అంచును పెంకుకు అతకాలంటే, గాజునార పట్టీల్ని రెజిన్‌లో తడిపి పరచాలి. ఆ రెజిన్‌లో గట్టిపడే మందు కొలిచి కొలిచి పోయాలి. రెండు చుక్కలు ఎక్కువైతే గట్టిగా పట్టుకుంటుంది కదా అని నేను రెండింతలు పోశాను. డబ్బా చేతిలోనే కాలిపోయి, బుసబుసమని పొగలు కక్కింది. నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. పెద్దాయన వచ్చి నా చేతిలోంచి లాక్కుని ఇసకలోకి విసిరేశారు. అంత భయపడుతూ కూడా పని మానలేదు నేను. మానితే ఆయన చేస్తారు. అలా ఆ బండి పనిలో సగానికి సగం నా చేతికి వచ్చింది. కొన్నాళ్ళకు నా అతుకులు చూసి పెద్దాయన తల ఊపడం మొదలుపెట్టారు.

వానలు మొదలయ్యాక కొత్త భయం. షెడ్డు రేకులు కారేవి, ఆ నీళ్ళు బండిలోకి ఎక్కడి నుంచి వస్తాయో తెలియదు, మంచం చెక్క మీద తడి మచ్చ మాత్రం కనిపించేది. సిలికాన్ గొట్టాలు డజను తెప్పించి, కిటికీల చుట్టూ, మేకుల చిల్లుల్లో, పాత వైర్లు దూరిన కన్నాల్లో నింపాను. అక్కడితో ఆగానా? నేలలో రెండు గాలి కన్నాలు ఉన్నాయి, కప్పులో ఒకటి. వాటిని ముట్టుకోవద్దని పెద్దాయన రెండుసార్లు చెప్పారు. పడవ గదికైనా గాలి ఆడాలని ఆయన మాట. నేను చెవిన పెట్టలేదు. జెర్రులు వచ్చింది ఆ కన్నాల్లోంచే. మా వీధిలో ఇద్దరికి డెంగీ వచ్చి ఉంది, దోమలు కూడా వాటిలోంచే కదా వచ్చేది. ఒకరోజు మా ఆయన పలకలు కొనడానికి వెళ్ళినప్పుడు మూడింటినీ చెక్కతో మూసి, చుట్టూ సిలికాన్ పట్టించాను. లోపల నిలబడి తలుపు వేసుకుంటే బయటి చప్పుడు కూడా సరిగా వినపడలేదు. అబ్బ, ఎంత ధైర్యం వచ్చిందో ఆ రోజు. ఈ పెట్టెలోకి ఇంకేదీ రాదు అనుకున్నాను.

మంచం పూర్తయి, కొత్త పరుపు వేసిన శనివారం అది. దారిలో కారులో మా ఆయన ఒకే ఒక్క మాట అడిగారు, ఈ ఒక్కరోజు తనను చూడకుండా ఉండగలవా అని. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు అడిగారు. నాకు ఏడుపొచ్చింది. ఉంటానని మాటిచ్చాను.

మధ్యాహ్నం అన్నం తిన్నాక, సొంత మంచం మీద మొదటి కునుకు తీస్తానని ఆయన లోపలికి వెళ్ళారు. వాన పట్టేలా ఉంది, దోమలు ముసురుతున్నాయి. లోపల ఇంకా రెజిన్ కంపు. కొత్త ఇల్లు కదా, మంచిది కూడా అని నేను సాంబ్రాణి వేద్దామనుకున్నాను. ఇంటి నుంచి మట్టి మూకుడు, కొబ్బరిచిప్ప బొగ్గులు తెచ్చుకునే వచ్చాను. రబ్బరు తోటలో గుమాస్తాల ఇళ్ళ వరసలో పెరిగినదాన్ని. అక్కడ మా అమ్మ ప్రతి శుక్రవారం నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, పొగ మూలమూలకూ పట్టాలని తలుపులు మూసి అరగంట ఉంచేది. మేమంతా లోపలే ఉండేవాళ్ళం. ఎవరికీ ఏమీ కాలేదు. అవి చెక్క గోడల ఇళ్ళు, పలకకూ పలకకూ మధ్య పొద్దున ఎండ గీతలు గీతలుగా లోపల పడేది. ఆ సంగతి నా బుర్రకు తట్టలేదు. నా బుర్ర పాడుగాను, ఎలా తడుతుంది!

ఆయన అటు తిరిగి పడుకుని ఉన్నారు. మూకుడు మంచం కాళ్ళ దగ్గర నేల మీద ఇటుక మీద పెట్టాను. గట్టి పొగ పోయేదాకా తలుపు తెరిచే ఉంచాను, ఆయన దగ్గకూడదని. పొగ సన్నబడి నిప్పులు ఎర్రగా మిగిలాక దోమలు దూరకుండా తలుపు గట్టిగా మూసి, షెడ్డు కింద బండికి వీపు ఆనించి కూర్చుని దిండు గలేబులు కుట్టడం మొదలుపెట్టాను. వాన పట్టింది. మాటిచ్చాను కాబట్టి లేచి చూడలేదు. చూడకుండా ఉండగలుగుతున్నానని నాకే ముచ్చటేసింది. కూనిరాగం కూడా తీశాను.

రెండు గలేబులు అయ్యాక టీ పోసుకుని వెళ్ళి పిలిచాను. పలకలేదు. తలుపు లాగాను. ఆయన పక్కకు ఒరిగి, కొత్త పరుపు మీద వాంతి చేసుకుని ఉన్నారు. ముఖం ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నట్టు ఎర్రగా ఉంది. కదిపితే చెయ్యి జారి కింద పడింది. గుండె ఆగిపోయిందనే అనుకున్నాను. రెండేళ్ళుగా ఏ క్షణం కోసం భయపడుతున్నానో అది వచ్చేసిందనుకున్నాను. మాత్ర తీసి ఆయన నోట్లో పెట్టబోతుంటే నాకే కళ్ళు తిరిగాయి. నా కేక విని పెద్దాయన వచ్చారు. మూకుడు చూశారు, కప్పు వైపు చూశారు. ఒక్క మాట అనకుండా మా ఆయన కాళ్ళు పట్టుకుని వానలోకి ఈడ్చేశారు.

పెద్దాయన వ్యానులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. వెనక వలల మధ్య ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, కిటికీలు రెండూ తెరిచి, ముఖం మీద వాన కొడుతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తూ కూర్చున్నాను. ఒక్కో ఊపిరికీ తరవాతిది వస్తుందో రాదో అని. అంతకుముందు నేను భయమనుకున్నదేదీ భయం కాదని ఆ దారిలో తెలిసింది. దేవుణ్ణి తలుచుకుందామంటే నోట మాట రాలేదు. తలుపు నేనే మూశాను, తలుపు నేనే మూశాను అని ఒకటే.

చిన్న వయసు మలాయి డాక్టరమ్మ ఆక్సిజన్ పెట్టించి, లోపల ఏం కాలిందని అడిగింది. చెప్పాను. పొగ లేని బొగ్గు నుంచి కూడా విషవాయువు వస్తుందని, దానికి రంగూ వాసనా ఉండదని, గాలి కదలని చోట అరగంట చాలని చెప్పింది. ఇంకొంచెం ఆలస్యమైతే, అని ఆగింది. మిగతాది అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

సాయంత్రానికి ఆయన కళ్ళు తెరిచారు. డాక్టరమ్మ వచ్చి, తలుపు ఎవరు మూశారని అడిగింది. కాగితం మీద రాసుకోవడానికి కాబోలు. వాన జల్లు పడుతోందని తనే మూసుకున్నానన్నారు మా ఆయన. నేను నోరు తెరవలేదు. ఆవిడ వెళ్ళాక మంచం పట్టీ పట్టుకుని నిలబడ్డాను.

"తలుపు నానే మూసినాను" అన్నాను.

"తెలుసు. నాను నిద్రపోనేదు" అన్నారు.

"మరి ఎందుకు పిలవనేదు?"

ఆయన ఆక్సిజన్ మాస్కు కొంచెం ఎత్తి పట్టుకుని చెప్పారు. "తల పగిలిపోతన్నట్టు నొప్పొచ్చినాది. పిలుద్దామనే లేసి కూకున్నాను. బయట నువ్వు పాట పాడుకుంటన్నావు. రెండేళ్ళయినాది అది విని. పిలిస్తే మళ్ళీ బయపడతావు. సర్లే, తగ్గిపోద్ది అని పడుకున్నాను."

ఇంకేమేం దాచారని అడిగాను. చెప్పనన్నారు. నేను వదల్లేదు. అంతకుముందు ఏడాది బజారు మెట్ల మీద ఒకసారి ఛాతీ పట్టిందట. ఇంకోసారి కారు నడుపుతుండగా, పక్కనే నేను కూర్చుని ఉండగానే. రెండుసార్లూ పళ్ళు బిగించి ఊరుకున్నారట, నేను కంగారుపడతానని. ఆయన్ని నా భయమే కాపాడుతోందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆయనేమో దానికి జడిసి నొప్పిని మింగుతూ కూర్చున్నారు. కోపమొచ్చింది, సిగ్గేసింది, ఆ వార్డులో అందరి ముందూ గట్టిగా ఏడ్చాను. నన్ను ఊరుకోబెట్టలేక ఆయనకు మళ్ళీ ఆయాసం వచ్చింది. దాంతో నర్సు నన్ను బయటికి పంపేసింది.

వారం తిరిగాక నేనే రంపం పట్టుకుని మూడు కన్నాలూ తెరిచాను. సన్నటి వల కొట్టాను. బండి పూర్తయింది, ఇప్పుడు దానిలో తిరుగుతున్నాం. జెర్రులంటే నాకిప్పటికీ భయమే. ఆయన నొప్పి వస్తే చెప్పాలి, చెబితే నేను అరవకూడదు. ఆసుపత్రి నుంచి వచ్చేదారిలో అనుకున్న మాట ఇది. మాట ఇవ్వడం సులువే. ఆయన చెబుతారని నాకు నమ్మకం లేదు, నేను అరవనని ఆయనకూ లేదు.

మొన్న ఆదివారం పొద్దున, బాగన్ దాతుక్ దగ్గర సముద్రం ఒడ్డున బండి ఆపుకుని ఉన్నాం. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, చేతిని ఛాతీ మీద ఆనించి, ఇక్కడ కొంచెం పట్టినట్టుందన్నారు. అది గ్యాసేనని గంట తరవాత డాక్టరు తేల్చాడు గానీ, అప్పుడు నాకేం తెలుసు? కేక గొంతు దాకా వచ్చింది. మింగేశాను.

"ఎంతసేపయినాది?" అని అడిగాను.

"ఇప్పుడే" అన్నారు.

నేను కారు తాళాలు తీసుకున్నాను.